మన అక్షరాలకు మన బటన్లు
(సంఘం సాంస్కృతిక దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం వాళ్లం కొంతమందిమి కలిసి గోండీ మాటలను సేకరించే ఒక వెబ్ పేజీ నడుపుతున్న సంగతి మీకు తెలుసు. గోండీ మాట, దాని తెలుగు అర్థం, ఆ మాట చెప్పిన పెద్దమనిషి గొంతు, ఈ మూడూ అందులో ఉంటాయి. ఈ ఏడాది దానికి ఒక కొత్త పనిముట్టు చేర్చాం. రాసే పెట్టె మీద వేలు పెడితే తెర కింది భాగంలో గుంజాల గోండీ అక్షరాల కీబోర్డు తెరుచుకుంటుంది. ఏ యాప్ వేసుకోనక్కర్లేదు, ఫోన్ సెట్టింగులు మార్చనక్కర్లేదు. దాని గురించి మీతో మాట్లాడమని పెద్దలు చెప్పారు.

కీబోర్డు ఎలా చేశామో చెబుతాం. అంతకంటే ముఖ్యంగా ఒక్క మాట మీ మనసులో పడాలని మా కోరిక. కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడ ఉండాలో నిర్ణయించేది కంప్యూటర్ కాదు, మనిషి. ఆ మనిషి మన మనిషి కాకపోతే మన భాషను పక్కవాళ్ల వరుసలో రాయడం అలవాటైపోతుంది. అందుకే ఈ పని మన పిల్లలే చేయాలి.

లిపి ఉంది, మరి బటన్ ఏది?

మన లిపి కథ మీలో చాలామంది విన్నదే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దాదాపు డజను చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఆచార్య జయధీర్ తిరుమలరావు ఆధ్వర్యంలో, వాటి మీద పనిచేశారు. అవి 1750 ప్రాంతానివని అంచనా. నెలల పేర్లు, వారాల పేర్లు, అంకెలు, చరిత్ర, నీతి, ఇవన్నీ వాటిలో ఉన్నాయి. ఆ అక్షరాలు చదవగలిగిన పెద్దలు అప్పటికి ఊళ్లో కొద్దిమందే మిగిలారు. 2014 మొదట్లో లిపినీ, తొలి ఫాంటునూ లోకానికి చూపించారు. 2018లో యూనికోడ్ 11వ సంచికలో గుంజాల గోండీకి చోటు దొరికింది. అంతకు ఏడాది ముందే, 2017లో, మరో గోండీ లిపికి చోటు వచ్చింది. అది మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగల్ సింగ్ మసరామ్ 1918లో తయారుచేసిన లిపి. దాన్ని మసరామ్ గోండీ అంటారు.

యూనికోడ్‌లో చోటు అంటే ఏమిటి? ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగు 'య'కు 3,119. గుంజాల గోండీ 'య'కు 73,068. ఈ సంఖ్య ఉంటేనే ఒక ఫోన్‌లో రాసిన అక్షరం ఇంకో ఫోన్‌లో అదే అక్షరంగా కనిపిస్తుంది. ఇది పట్టా దొరికినట్టు. పట్టా దొరికినంత మాత్రాన పంట రాదు కదా! దున్నాలి, విత్తనం వేయాలి. అక్షరం విషయంలో ఆ పనులు రెండు. ఒకటి ఫాంటు, అంటే అక్షరం రూపం. రెండోది కీబోర్డు, అంటే అక్షరాన్ని లోపలికి పంపే దారి. ఫాంటు కొరత కొంత తీరింది. నోటో సాన్స్ గుంజాల గోండీ అనే ఫాంటు ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. మిగిలింది కీబోర్డు.

బడిలోనో, శిబిరంలోనో లిపి నేర్చుకున్న పిల్లలు పలక మీద చక్కగా రాస్తున్నారు. ఇంటికొచ్చి ఫోన్ తీస్తే ఆ అక్షరాలు లేవు. అప్పుడేం చేస్తున్నారు? తెలుగు అక్షరాల్లో గోండీ రాస్తున్నారు, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నారు. దీన్ని మేం తప్పు పట్టడం లేదు. ఏ అక్షరాల్లో రాసినా గోండీ గోండీయే. తెలుగు అక్షరాల్లో రాసిన గోండీ పుస్తకాలు మనకు ఎంతో మేలు చేశాయి.

కానీ ఒక చిక్కుంది. 2011 జనాభా లెక్కల్లో గోండీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 29 లక్షల 84 వేల మంది. వాళ్లు మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఒడిశాల్లో చెదిరి ఉన్నారు. పెన్‌గంగ దాటితే మన చుట్టాలే ఉన్నారు. పెళ్లికి పోతాం, చావుకు పోతాం, ఎదురెదురుగా కూర్చుంటే గోండీలోనే మాట్లాడుకుంటాం. ఉత్తరం రాయాల్సి వస్తే మాత్రం మనం తెలుగు అక్షరాల్లో రాస్తాం, వాళ్లు దేవనాగరిలో రాస్తారు. మన రాత వాళ్లకు రాదు, వాళ్ల రాత మనకు అంతంతమాత్రం. ఒక్క భాష మాట్లాడే చుట్టాలు రాతలో ఒకరికొకరు పరాయివాళ్లవుతున్నారు. ఈ గోడ ఒక్క లిపితో ఒక్కరోజులో కూలదు, మసరామ్ లిపి వాడేవాళ్లూ ఉన్నారు. అయినా ఏ లిపి మీద ఎంత చర్చ జరిగినా, చేతిలో రాసే సాధనం లేకపోతే ఆ చర్చ కాగితం మీదే ఆగిపోతుంది.

పేజీలోనే కీబోర్డు ఎందుకు?

ఫోన్‌లో వేసుకునే కీబోర్డు యాప్ ఉంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. అదీ కావాలి. దాని లాభం పెద్దది, వాట్సాప్‌లో కూడా నేరుగా రాయవచ్చు. కానీ మన గూడేల్లో ఫోన్ చాలాసార్లు ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. అందులో ఖాళీ స్థలం ఉండదు. హాస్టల్ కంప్యూటర్ గదిలో కొత్త సాఫ్ట్‌వేర్ వేయడానికి అనుమతి ఉండదు. ఇంటర్నెట్ సెంటర్‌లో అసలే కుదరదు. యాప్ వేసినా, సెట్టింగుల్లోకి పోయి కొత్త కీబోర్డును ఎంచుకోవడం దగ్గర పెద్దవాళ్లు ఆగిపోతారు.

పేజీలోనే ఉన్న కీబోర్డుకు ఈ బాధలేవీ లేవు. లింకు తెరిస్తే చాలు. ఫాంటు ఫైలును కూడా పేజీతో పాటే పంపుతాం, కాబట్టి ఫోన్‌లో ఆ ఫాంటు లేకపోయినా అక్షరాలు డబ్బాల్లా కాకుండా అక్షరాల్లాగే కనిపిస్తాయి. ఒకసారి సిగ్నల్ ఉన్నచోట తెరిస్తే కీబోర్డు, ఫాంటు రెండూ బ్రౌజర్ తన దగ్గర దాచుకునేలా ఏర్పాటు చేయవచ్చు. ఆ తర్వాత సిగ్నల్ లేని గూడెంలో కూర్చుని కూడా రాయవచ్చు. వాట్సాప్‌లో పంపాలంటే రాసినదాన్ని కాపీ చేసుకునే బటన్ పక్కనే పెట్టాం. అయితే అందుకునేవాళ్ల ఫోన్‌లోనూ ఫాంటు ఉండాలి. లేకపోతే వాళ్లకు డబ్బాలే కనిపిస్తాయి. అందుకే మాటను బొమ్మగా మార్చి పంపే బటన్ కూడా చేర్చాం.

ఎలా పనిచేస్తుంది?

కంప్యూటర్ చదువు చదివేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు, కాబట్టి కొంచెం లోపలికి పోదాం. తక్కినవాళ్లు కూడా వినండి, కష్టం ఏమీ కాదు.

పేజీ మీద కనిపించే కీబోర్డును మొదటి నుంచి రాయనక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌లో సింపుల్ కీబోర్డ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. ఎంఐటీ లైసెన్సుతో వస్తుంది, అంటే తీసుకుని మనకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు. ఎస్‌ఐఎల్ సంస్థ వాళ్ల కీమ్యాన్ అనేది ఇంకోటి. అది ఫోన్లలోనూ, కంప్యూటర్లలోనూ, వెబ్ పేజీల్లోనూ పనిచేస్తుంది. సొంత కీబోర్డు తయారుచేసుకోవడానికి దానికి వేరే సాధనం కూడా ఉంది. ఒక్క పేజీలో రాయడమే మా అవసరం కాబట్టి మేం మొదటిది తీసుకున్నాం. ఫోన్ అంతటా పనిచేసే కీబోర్డు కావాలంటే రెండోది చూడండి.

ఇలాంటి లైబ్రరీకి మనం ఇచ్చేది ముఖ్యంగా ఒక పట్టిక. మొదటి వరుసలో ఏ అక్షరాలు, రెండో వరుసలో ఏ అక్షరాలు, అంకెల పేజీలో ఏమేమి అని వరుసగా రాసి ఇస్తాం. చెరిపే బటన్, ఖాళీ వదిలే బటన్, పేజీ మార్చే బటన్ లాంటివాటికి ప్రత్యేకమైన పేర్లుంటాయి. వాటి మీద ఏ మాట కనిపించాలో మనమే చెప్పవచ్చు. మా కీబోర్డులో అవి గోండీ మాటల్లోనే ఉన్నాయి. బటన్ నొక్కినప్పుడు ఏ అక్షరం నొక్కారో లైబ్రరీ మనకు చెబుతుంది, మనం దాన్ని రాసే పెట్టెలో చేరుస్తాం. రంగు, పరిమాణం, బటన్ల మధ్య ఎడం, ఇవన్నీ మన ఇష్టం.

ఒక మంచి అలవాటు చెబుతాం. ఆ పట్టికను ప్రోగ్రాం మధ్యలో రాయకండి, వేరే ఫైలుగా పెట్టండి. అప్పుడు ఒక పెద్దాయన "ఈ అక్షరం ఇక్కడ కాదు, అక్కడ ఉండాలి" అంటే ప్రోగ్రాం రాని పిల్లవాడు కూడా ఆ ఫైలులో రెండు అక్షరాలు అటూ ఇటూ మార్చగలడు. మార్చుకోగలిగిన కీబోర్డు అంటే అసలు అర్థం ఇదే. రంగులు మార్చడం అందరూ చేస్తారు. వరుస మార్చే అధికారం ఊరి చేతిలో ఉండాలి.

య, వ, బ, భ, మ

ఇక్కడ అసలు ముచ్చట వస్తుంది. తెలుగు బడిలో మనం హల్లులు ఎలా నేర్చుకున్నాం? క, ఖ, గ, ఘ. హిందీలోనూ అంతే. గుంజాల లిపిలో అలా కాదు. అక్కడ హల్లులు 'య'తో మొదలవుతాయి. య, వ, బ, భ, మ. తర్వాత క, ఖ, త, థ, ల. తర్వాత గ, ఘ, ద, ధ, న. తర్వాత చ, ఛ, ట, ఠ, ళ. తర్వాత జ, ఝ, డ, ఢ, ఙ. చివర ప, ఫ, హ, ర, స. మొత్తం 30. యూనికోడ్ వాళ్లు కూడా ఈ వరుసనే ఉంచారు, క, ఖ, గ, ఘ వరుసలోకి సర్దలేదు.

కీబోర్డు చేసేటప్పుడు సులువైన దారి ఒకటి కనబడుతుంది. తెలుగు కీబోర్డు తీసుకుని, ప్రతి తెలుగు అక్షరం స్థానంలో అదే శబ్దం పలికే గోండీ అక్షరం పెట్టేయడం. ఒక్క పూటలో అయిపోతుంది. కానీ అప్పుడు రెండు జరుగుతాయి. తెలుగులో ఉండి ఈ 30లో లేని ఞ, ణ, శ, ష బటన్లు ఖాళీగా మిగిలి, మన లిపిలో ఏదో కొరత ఉందన్నట్టు కనిపిస్తుంది. లేని కొరతను కీబోర్డు చూపిస్తుందన్నమాట. రెండోది ఇంకా పెద్దది. పిల్లవాడు రోజూ చూసేది కీబోర్డునే. అందులో క, ఖ, గ, ఘ ఉంటే పది సంవత్సరాల్లో య, వ, బ, భ, మ అనే వరుస ఎవరికీ నోటికి రాదు. రాసిన ప్రతుల్లో రెండున్నర శతాబ్దాలు నిలిచిన వరుస మన సౌకర్యం కోసం పోతుంది.

మరోవైపు వాదన కూడా న్యాయమైనదే. తెలుగు కీబోర్డు మీద ఇప్పటికే వేళ్లు అలవాటైన అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉన్నారు. అంగన్‌వాడీలో, సచివాలయంలో, పత్రికల్లో పనిచేసేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వచ్చు. అందులో అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉంటాయి. భారతీయ భాషలన్నింటికీ దాదాపు ఒకటే అమరిక. వాళ్లకు కొత్త వరుస అంటే రాసే వేగం సగానికి పడిపోతుంది.

దీని మీద పెద్దలతో, టీచర్లతో కూర్చుని మాట్లాడాం. తేల్చింది ఏమిటంటే రెండు అమరికలూ ఉండాలి. పేజీ తెరవగానే వచ్చేది మాత్రం మన సొంత వరుసే. కింద ఒక బటన్ నొక్కితే రెండో అమరిక వస్తుంది. ఎవరు ఏది ఎంచుకున్నారో వాళ్ల బ్రౌజర్ గుర్తుంచుకుంటుంది. మొదట కనబడేది ఏది అన్నది చిన్న విషయం అనుకోకండి. సెట్టింగులు మార్చుకునే ఓపిక చాలామందికి ఉండదు. ముందుగా పెట్టి ఇచ్చిందే చాలామందికి చివరిదాకా ఉంటుంది.

లెక్క సరిపోయిన తీరు

గుంజాల గోండీకి యూనికోడ్‌లో మొత్తం 63 గుర్తులున్నాయి. అచ్చులు 10, హల్లులు 30, గుణింతపు గుర్తులు 9, సున్నా, విసర్గ, హల్లులను కలిపే గుర్తు కలిసి 3, ఓంకారం 1, అంకెలు 10. వీటిని ఒక చిన్న ఫోన్ తెర మీద ఎలా సర్దాలి?

చాలా చిన్న ఫోన్ల తెర వెడల్పు 360 పిక్సెళ్లుగా లెక్కిస్తారు. వరుసకు 10 బటన్లు పెడితే ఒక్కోదానికి 36 మాత్రమే వస్తుంది. పొలం పని చేసిన వేళ్లకు అది చాలదు, ఒకటి నొక్కబోతే పక్కది పడుతుంది. వరుసకు 6 పెడితే ఒక్కోదానికి 60 వస్తుంది. 30 హల్లులు ఆరేసి చొప్పున సరిగ్గా 5 వరుసలు. అచ్చులు 10, సున్నా, విసర్గ కలిపి 12, అంటే ఆరేసి చొప్పున 2 వరుసలు. చివరి వరుసలో కలిపే గుర్తు, ఖాళీ, చెరిపే బటన్, కొత్త లైను, అంకెల పేజీ, అమరిక మార్చే బటన్, ఇవీ ఆరే. మొత్తం 8 వరుసలు. ఒక్కో వరుస ఎత్తు 40 పిక్సెళ్లు, అంతా కలిపి 320. తెర ఎత్తు 640 ఉన్న ఫోన్‌లో అది సగం. మిగతా సగంలో రాసే పెట్టె. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పే అంతర్జాతీయ సూత్రాలు బటన్ కనీసం 24 పిక్సెళ్లు ఉండాలంటాయి. మన బటన్లు దానికి బాగా పైనే ఉన్నాయి.

9 గుణింతపు గుర్తులకు వేరే బటన్లు లేవేమని అడుగుతారా? వాటికి అచ్చుల బటన్లే సరిపోతాయి. మాట మొదట్లో నొక్కితే అచ్చు వస్తుంది. హల్లు తర్వాత నొక్కితే దాని గుణింతపు గుర్తు వస్తుంది. 'అ'కు గుణింతపు గుర్తు లేదు, అందుకే అచ్చులు 10, గుర్తులు 9. హల్లు నొక్కగానే అచ్చుల వరుస మారిపోయి ఆ హల్లు గుణింతమే బటన్ల మీద కనిపిస్తుంది. లిపి కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇది పాఠంలా పనిచేస్తుంది. హల్లు తర్వాత నిజంగా అచ్చే కావాలంటే బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోవాలి.

జాగ్రత్త పడాల్సిన నాలుగు చోట్లు

ఈ పని మీ ఊళ్లో, మీ భాషకు మీరు మొదలుపెడితే ఈ నాలుగూ రాసి పెట్టుకోండి.

మొదటిది చెరిపే బటన్. ఇందాక చెప్పిన 73,068 సంఖ్య గుర్తుందా? జావాస్క్రిప్ట్ అక్షరాలను లెక్కపెట్టే పద్ధతిలో ఒక గడిలో 65,535 వరకే పడుతుంది. తెలుగు అక్షరం ఒక గడిలో సరిపోతుంది. మన అక్షరానికి రెండు గడులు కావాలి. అది జోడెడ్ల బండి లాంటిది. చెరిపే కోడ్ ఒక్క గడినే తీసేసేలా రాస్తే ఒక ఎద్దును విప్పి ఇంకోదాన్ని కాడి కింద వదిలేసినట్టు అవుతుంది. అక్షరం పోదు, మిగలదు, విరిగిన గుర్తు ఒకటి కనిపిస్తుంది. కర్సర్‌ను జరిపేటప్పుడు, అక్షరాలు లెక్కపెట్టేటప్పుడు కూడా ఇదే చిక్కు. కాబట్టి పదాన్ని గడులుగా కాకుండా యూనికోడ్ గుర్తులుగా విడగొట్టి పనిచేయించాలి. జావాస్క్రిప్ట్‌లో దానికి వసతి ఉంది. ఇంగ్లీషుతోనో, తెలుగుతోనో పరీక్షిస్తే ఈ లోపం ఎప్పటికీ బయటపడదు. మన అక్షరాలతోనే పరీక్షించాలి.

రెండోది డేటాబేస్. మన ఒక్కో అక్షరం యూటీఎఫ్-8 పద్ధతిలో 4 బైట్లు తీసుకుంటుంది. తెలుగు అక్షరానికి 3 చాలు. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు గమనించాలి. అందులో మామూలుగా యూటీఎఫ్8 అని పేరున్న పాత అమరిక 3 బైట్ల వరకే దాచగలదు. తెలుగు మాటలన్నీ చక్కగా దాస్తుంది, గోండీ మాట వచ్చేసరికి తిప్పికొడుతుంది, లేదా సగంలో తెంపేస్తుంది. యూటీఎఫ్8ఎంబీ4 అనే అమరిక పెట్టుకోవాలి. ఒక అవ్వ చెప్పిన మాట పంపాక అది లోపల లేకపోతే, ఆ అవ్వను మళ్లీ అడిగే అవకాశం ప్రతిసారీ దొరకదు.

మూడోది ఫోన్ సొంత కీబోర్డు. రాసే పెట్టె మీద వేలు పెట్టగానే ఫోన్ తన కీబోర్డును పైకి తెస్తుంది. దాని వెనక మన కీబోర్డు దాగిపోతుంది. రాసే పెట్టెకు ఇన్‌పుట్‌మోడ్ అనే లక్షణం ఉంది. దానికి 'నన్' అనే విలువ ఇస్తే ఫోన్ కీబోర్డు రాదు, కర్సర్ మాత్రం ఉంటుంది. అయితే తెలుగులో రాయాలనుకునేవాళ్లకు ఫోన్ కీబోర్డు తిరిగి తెచ్చుకునే బటన్ తప్పకుండా ఇవ్వండి. ఎవరి దారీ మూయకూడదు.

నాలుగోది నమ్మకం. తెర మీది కీబోర్డులో నొక్కిన ప్రతి అక్షరం ప్రోగ్రాం చేతుల మీదుగా పోతుంది. కావాలంటే దాన్ని ఎక్కడికైనా పంపవచ్చు. అందుకే ఎవరో ఇచ్చిన కీబోర్డు కోడ్‌ను చదవకుండా మీ పేజీలో పెట్టకండి. మన కీబోర్డు పంపు బటన్ నొక్కేదాకా ఏదీ బయటికి పంపదు. ఆ కోడ్ అందరికీ కనబడేలా ఉంచాం, ఎవరైనా చూసుకోవచ్చు. పెర్సాపేన్ కథలు, పూజ మాటలు లాంటివి కొన్ని బయట చెప్పకూడనివి ఉంటాయి. రాయడం వచ్చింది కదా అని అన్నీ రాసి పెట్టేయకూడదు. ఏది రాయాలో, ఏది నోటితోనే ఉండాలో కటోడాలు, ప్రధాన్ పెద్దలు చెప్పాలి. వాళ్లను అడిగాకే పేజీలో పెట్టండి.

మిగతా భాషల సోదరులకు

ఈ సభలో కొలాం, తోటి, నాయక్‌పోడ్, కోయ సోదరులు కూడా ఉన్నారు. ఇది గోండుల పని అని పక్కకు పోకండి. అక్షరాల పట్టిక మార్చితే ఇదే కీబోర్డు మీది అవుతుంది. తెలుగు అక్షరాల్లోనే రాసుకునే భాషకు కూడా ఇది పనికొస్తుంది. మీ భాషలో పలికే శబ్దాలకు కావాల్సిన అక్షరాలు మాత్రమే పెట్టి, అక్కర్లేనివి తీసేసి, పెద్ద బటన్లతో పిల్లల కోసం ఒక కీబోర్డు చేయవచ్చు.

శ్రీకాకుళం, మన్యం కొండల్లో ఉన్న సవరల సంగతి చూడండి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఒడిశా వైపు 1936లో మంగేయ్ గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపిని తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. దాని అక్షరాల సంఖ్యలు కూడా 65,535 దాటినవే, కాబట్టి జోడెడ్ల జాగ్రత్త వాళ్లకూ వర్తిస్తుంది.

సంతాలీ వాళ్లను చూస్తే ధైర్యం వస్తుంది. పండిట్ రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపిని తయారుచేశారు. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. 2008లో ఓల్ చికి యూనికోడ్‌లోకి వచ్చింది. 2018లో సంతాలీ వికీపీడియా ఆ అక్షరాల్లోనే మొదలైంది. ఒక్కో మెట్టుకు ఎన్నేళ్లు పట్టిందో చూడండి. అయినా ప్రతి మెట్టు మీదా సంతాలీ పిల్లలే రాస్తూ పోయారు. గోండీ ఇంకా ఎనిమిదో షెడ్యూల్ బయటే ఉంది. చేర్చమని అడుగుతూనే ఉందాం. అడిగే అర్జీని మన అక్షరాల్లో కూడా రాసి ఇద్దాం.

మీరు చేయాల్సింది

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కంప్యూటర్ వచ్చినవాళ్లకు ఒక పని, రానివాళ్లకు ఇంకో పని ఉంది.

కంప్యూటర్ వచ్చినవాళ్లు పట్టిక ఫైలును తీసుకుని మీ ఊరి పెద్దల ముందు పెట్టండి. వాళ్లు బటన్లు నొక్కుతుంటే పక్కన కూర్చుని చూడండి, మీరు నొక్కి చూపించకండి. వాళ్ల వేలు ఏ అక్షరం కోసం ఎక్కడ వెతుకుతుందో రాసుకోండి. మీ ఊళ్లో ఉన్న అన్నింటికంటే పాత ఫోన్‌లో, సిగ్నల్ అన్నింటికంటే తక్కువ ఉన్న చోట పరీక్షించండి. అక్కడ పనిచేస్తే అంతటా పనిచేస్తుంది.

కంప్యూటర్ రానివాళ్లు ముందు లిపి నేర్చుకోండి. 30 హల్లులు, 10 అచ్చులు. పట్టుబట్టి కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. తర్వాత మీ పేరు, మీ గోత్రం, మీ ఊరి పేరు రాయండి. ఊళ్ల పేర్లు బోర్డుల మీద, రికార్డుల్లో ఎలా మారిపోయాయో మీకు తెలుసు. ఆ పేరు మనవాళ్ల నోట్లో ఎలా పలుకుతుందో అలా మన అక్షరాల్లో ఒక్కసారి రాసి పేజీలో చేర్చండి. తర్వాత మీ ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రమే తెలిసిన మాటలు రాయండి. చెట్ల పేర్లు, పురుగుల పేర్లు, వాన రకాల పేర్లు, దండారీలో ఉపయోగించే వస్తువుల పేర్లు. బడి పుస్తకాల్లో అవి దొరకవు. మీరు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

టీచర్లుగా ఉన్న దాదాలకు, బాయిలకు ఒక మనవి. కంప్యూటర్ గదిలో వారానికి ఒక్క పావుగంట ఈ పేజీ తెరవనివ్వండి. పిల్లవాడు తన అక్షరాన్ని పలక మీద కాకుండా తెర మీద చూసినప్పుడు, ఇది కూడా చదువులో ఒక భాగమే అని వాడికి తెలుస్తుంది. ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

గుంజాలలో ఆ ప్రతులు రాసినవాళ్లు తమ చేతిలో ఉన్న సాధనంతో రాశారు. వాళ్లు రాసి దాచబట్టే ఈ రోజు మనకు లిపి ఉంది. చదవగలిగిన కొద్దిమంది పెద్దలు బతికి ఉండబట్టే మనం వాటిని చదవగలిగాం. రాసినవాళ్లు, చదివేవాళ్లు, ఈ ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ కాగితాలు బొమ్మలే అయ్యేవి. ఇప్పుడు మన చేతిలో ఫోన్ ఉంది, తెర మీద బటన్ ఉంది, ఆ బటన్ మీద 'య' ఉంది. పేజీ చిరునామా ఈ సంచికలో ఉంది. ఇంటికి పోయే దారిలోనే తెరవండి, ఒక్క మాట రాయండి. అది మీ అవ్వ మాట అయితే ఇంకా మంచిది.

జై సేవా. జై గోండ్వానా. జై ఆదివాసీ.